వెబ్‌సైటు దగ్గర కూడా సంతకం అడుగుదాం

గత నెలలో ఒక సాయంత్రం అరసవల్లిలో మిత్రుని ఇంటి వరండాలో పిల్లలు చదువుకుంటున్నారు. అక్కడికి వచ్చే పది పన్నెండు మందిలో సగం మంది మన పిల్లలు, సగం మంది ఇరుగుపొరుగు వారి పిల్లలు. ఎనిమిదవ తరగతి చదివే ఒక బాలుడు ‘మన జిల్లా’ అనే ప్రాజెక్టు పుస్తకం తెచ్చి చూపించాడు. చక్కని దస్తూరి, రంగు పెన్సిళ్లతో గీసిన పటం. మూడవ పుటలో మాత్రం ఇలా ఉంది: శ్రీకృష్ణదేవరాయలు కళింగ దండయాత్రకు వస్తూ మన శ్రీకాకుళంలో బస చేశాడు, ఇక్కడి ఆంధ్రమహావిష్ణువు కలలో కనిపించి ‘ఆముక్తమాల్యద’ రాయమన్నాడు. ఆ కథ కృష్ణా జిల్లా ఘంటసాల మండలంలో కృష్ణానది ఒడ్డున ఉన్న శ్రీకాకుళానిది. నాగావళి ఒడ్డున ఉన్న మన శ్రీకాకుళానిది కాదు. రాయలు సింహాచలం దాకా వచ్చిన మాట నిజమే, 1516 నాటి ఆయన శాసనం అక్కడ ఉంది. ఆ నిజం పక్కన కూర్చున్నందువల్లనే ఈ పొరపాటు కూడా నిజంలాగా కనబడింది. మేము ఆ మాట చెబితే బాలుడు ఏమాత్రం తడుముకోకుండా, “వెబ్‌సైటులో ఉంది కదా చాచా” అన్నాడు. బడిలో ఆ పుస్తకానికి మంచి మార్కులే పడ్డాయి.

మా చిన్నతనంలో “పుస్తకంలో ఉంది” అనేవాళ్లం. ఆ మాటకు ఒక బలం ఉండేది. పాఠ్యపుస్తకం మొదటి పుటలో రాసినవారి పేర్లు, పరిశీలించినవారి పేర్లు, ముద్రించిన సంవత్సరం ఉండేవి. తప్పు ఉంటే ఎవరిని అడగాలో తెలిసేది. నేడు పిల్లవాని చేతిలోని తెర మీద పేరు లేదు, తేదీ లేదు, కానీ నమ్మకం మాత్రం పుస్తకం మీద ఉన్నంత ఉంది. పిల్లలు వెబ్‌సైట్లలో చదవకూడదని మేము అనడం లేదు. మన వంటి చెదురుమదురుగా బతికే సమాజానికి అవి లేకపోతే నష్టమే. ఏ వెబ్‌సైటును బిడ్డ చేతికి ఇస్తున్నామో ముందుగా పరిశీలించే పని ఇంట్లో ఎవరో ఒకరు చేయవలసి ఉందనీ, ఆ పనికి ఆంగ్ల పట్టా అవసరం లేదనీ మాత్రమే చెప్పదలచుకున్నాము.

మేము ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసినవారం. బల్ల మీదికి ఏ కాగితం వచ్చినా విషయం చదవడానికి ముందే మా కన్ను కొన్ని చోట్లకు వెళ్లేది. ఎవరు పంపారు? ఏ తేదీన పంపారు? దేనిని ఆధారంగా చూపారు? జతపరచామన్న ప్రతులు నిజంగా జతపడి ఉన్నాయా? సంతకం లేని కాగితం ఎంత అందంగా టైపు చేసి ఉన్నా తిరిగి వెళ్లవలసిందే. మన పెద్దలకు ఈ పద్ధతి కొత్తది కాదు. హదీసును స్వీకరించే ముందు అది ఎవరు ఎవరి నుంచి విన్నారో ఆ గొలుసును, ప్రతి కడియలోని మనిషి నడవడిని, జ్ఞాపకశక్తిని పరిశీలించిన పండితుల వారసత్వం మనది. అదే ఇంట్లో బిడ్డ “ఎక్కడో చదివాను” అంటే మనం ఊరుకుంటున్నాము!

కాబట్టి వెబ్‌సైటు తెరవగానే పాఠంలోకి దూకవద్దు. అట్టడుగుకు వెళ్లి ‘మా గురించి’ అనే పుట చూడండి. నడిపేది ప్రభుత్వమా, విశ్వవిద్యాలయమా, లాభాపేక్ష లేని సంస్థా, వ్యాపార సంస్థా? చిరునామా ఉందా? తప్పు కనిపిస్తే రాయడానికి చోటు ఉందా? ఇవేవీ లేకపోతే అది సంతకం లేని కాగితం. తెలుగు వికీపీడియా విషయంలో చాలామంది ఉపాధ్యాయులు “ఎవరైనా రాయవచ్చు, నమ్మవద్దు” అని ఒక్క మాటతో కొట్టిపారేస్తారు. ఎవరైనా రాయవచ్చు, నిజమే. కానీ ప్రతి వ్యాసానికీ ‘చరిత్ర’ అనే పుట ఉంటుంది. ఏ మార్పు ఏ రోజున ఏ ఖాతా నుంచి జరిగిందో అక్కడ కనిపిస్తుంది. చర్చ పుటలో వాదోపవాదాలు ఉంటాయి. మా దృష్టిలో అది నోట్ ఫైలు. నోట్ ఫైలు చూపించే కార్యాలయం, చూపించని కార్యాలయం కంటే ఎప్పుడూ మేలే. పేరే చెప్పని మెరుపుల వెబ్‌సైటు కంటే వికీపీడియా వ్యాసం అడుగున ఉన్న ఆధారాల వరకు వెళ్లి చూడడం బిడ్డకు నేర్పితే అది జీవితాంతం పనికివస్తుంది.

ఇక తేదీ. మన జిల్లాయే మంచి గీటురాయి. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలోని 13 జిల్లాలు 26 అయినప్పుడు పాలకొండ పార్వతీపురం మన్యం జిల్లాకు, రాజాం విజయనగరం జిల్లాకు వెళ్లాయి. ఏ వెబ్‌సైటు అయినా పాలకొండ ఇంకా శ్రీకాకుళం జిల్లాలోనే ఉందని చెబుతుంటే, ఆ పుటను కొన్ని సంవత్సరాలుగా ఎవరూ ముట్టుకోలేదని అర్థం. దేశ తీరరేఖ పొడవు కూడా అటువంటిదే. మనం 7,516 కిలోమీటర్లని కంఠస్థం చేసినవాళ్లం. కొత్త కొలతల ప్రకారం అది 11,098 కిలోమీటర్లని కేంద్ర హోం శాఖ 2023-24 వార్షిక నివేదికలో చెప్పింది. సముద్రం పెరగలేదు. వంపులను, ద్వీపాలను మరింత సూక్ష్మంగా కొలిచారు. పాత అంకె ఇచ్చిన వెబ్‌సైటు మోసకారి కాదు, నిద్రపోతున్నది. పరీక్షకు మాత్రం పాఠ్యపుస్తకంలోని అంకెనే రాయాలనుకోండి, ఆ సంగతి బిడ్డకు విడిగా చెప్పుకోవాలి.

మాకు అన్నిటికంటే ఇష్టమైన పరీక్ష మరొకటి ఉంది. మీకు కళ్లారా తెలిసిన ఒక విషయాన్ని ఆ వెబ్‌సైటులో వెతకండి. అరసవల్లి వాళ్లకు అది కష్టం కాదు. ఇక్కడి సూర్యనారాయణస్వామి కోవెలలో ఏటా రెండుసార్లు, మార్చి రెండవ వారంలోనూ అక్టోబరు తొలి రోజుల్లోనూ, మబ్బు పట్టకపోతే ఉదయకిరణాలు మూలవిరాట్టు పాదాలను తాకుతాయి. ఆ రోజుల్లో ఊరు తెల్లవారకముందే లేస్తుంది. ఏ మతం వారమైనా ఆ సందడి మధ్యనే పెరిగాము. మేము పిల్లలతో కూర్చుని వేర్వేరు వెబ్‌సైట్లలో దీనిని వెతికాము. ఒకటి రథసప్తమి నాడు కిరణాలు పడతాయని రాసింది. రథసప్తమికి ఇక్కడికి భక్తులు పోటెత్తుతారు కనుక రాసినవారు రెండింటినీ కలిపేశారు. మరొకటి ఏడాది పొడవునా పడతాయన్నది. ఇంకొకటి నెలలు సరిగ్గానే చెప్పింది కానీ, “ఎవరికీ అంతుచిక్కని రహస్యం” అని ఊరుకుంది.

ఆ మూడవదాని దగ్గర మేము చాలాసేపు ఆగాము. సమాచారం సరైనదే అయినా అది విద్యా వెబ్‌సైటు అనిపించుకోదు. విద్య ‘ఎందుకు’ అనే దగ్గర మొదలవుతుంది. సూర్యుడు రోజూ ఒకే చోట ఉదయించడు. జూన్‌లో తూర్పుకు ఉత్తరంగా, డిసెంబరులో దక్షిణంగా జరుగుతాడు. దక్షిణానికి వెళ్లేటప్పుడు ఒకసారి, తిరిగి వచ్చేటప్పుడు ఒకసారి అదే స్థానాన్ని దాటుతాడు. పిల్లల చేత లెక్క కట్టించాము. అక్టోబరు 2 నుంచి డిసెంబరు 21 వరకు 80 రోజులు. డిసెంబరు 21 నుంచి మార్చి 10 వరకు 79 రోజులు. ఆ లెక్క తేలిన క్షణంలో తొమ్మిదవ తరగతి బాలిక ఒకతె “అందుకే రెండుసార్లు!” అని అరిచింది. తరువాత స్టెల్లేరియం అనే ఉచిత ఆకాశపటంలో శ్రీకాకుళాన్ని ఎంచుకుని ఆ రెండు తేదీల సూర్యోదయాలను చూపించాము. రెండు రోజులూ సూర్యుడు దాదాపు ఒకే చోట, సరిగ్గా తూర్పుకు కొద్దిగా దక్షిణంగా లేచాడు. ఈ లెక్క తెలిసి కోవెలను కట్టిన వారి మీద పిల్లలకు గౌరవం పెరిగిందే తప్ప తగ్గలేదు. బిడ్డ చేత ఏదైనా చేయించే వెబ్‌సైటుకూ, చూపించి ఊరుకునే వెబ్‌సైటుకూ తేడా ఇదే. కొలరాడో విశ్వవిద్యాలయం వారి ‘ఫెట్’ ప్రయోగాలు కూడా ఇటువంటివే, కొన్ని తెలుగులోనూ దొరుకుతాయి. ప్రయోగశాల లేని బడిలో విద్యుత్ వలయాన్ని తెర మీదనైనా బిగించి చూడవచ్చు.

మన చరిత్ర దగ్గరకు వస్తే పరిశీలన ఇంకా జాగ్రత్తగా సాగాలి. ‘షికాకోల్’ అనే పేరు ‘సిక్కా ఖోల్’ అనే మాట నుంచి వచ్చిందనీ, ఇక్కడ పన్నుల సంచులు విప్పేవారనీ ఒక కథ ఉంది. ఎన్నో వెబ్‌సైట్లు దానిని చరిత్రగా రాసేస్తాయి. మంచి వెబ్‌సైటు ‘అని చెబుతారు’ అని చేరుస్తుంది. ఆ రెండు మాటలే మాకు గీటురాయి. కుతుబ్‌షాహీల కాలం నుంచి ఇక్కడ ఫౌజ్‌దారులు ఉన్నారు. తరువాతి కాలంలో కర్ణాటక నవాబు అయిన అన్వరుద్దీన్ ఖాన్ ఇక్కడ ఫౌజ్‌దారీ చేశాడు. ఈ రెండు వందల ఏళ్ల చరిత్రను ఒక వెబ్‌సైటు పూర్తిగా దాటవేసినా, దండయాత్రలు తప్ప మరేమీ జరగలేదన్నట్టు రాసినా, దాని వెనుక ఉన్న చూపు ఏమిటో అడగాలి. అదే కొలతతో మనవాళ్లు నడిపే వెబ్‌సైట్లను కూడా కొలవాలి. పాలకులంతా పుణ్యపురుషులే అన్నట్టు రాసే చోట కూడా బిడ్డకు చరిత్ర దొరకదు. ఈ మాట కొందరు పాఠకులకు నచ్చకపోవచ్చు.

భాష సంగతికి రావాలి. 2011 జనగణన ప్రకారం ఉమ్మడి శ్రీకాకుళం జిల్లాలో వందమందిలో ఒక్కరు కూడా ముస్లింలు కారు. ఉర్దూ నేర్పే బడి నడకదూరంలో ఉండే ఇళ్లు ఎన్ని? ఉర్దూ రాష్ట్రమంతటా రెండవ అధికార భాష అయ్యేటట్టు 2022లో శాసనసభ చట్టం చేసింది. ఆ హోదా మన పిల్లల ఫోను తెర మీదికి ఎంతవరకు వచ్చిందో ప్రతి తల్లీ తండ్రీ స్వయంగా చూడాలి. ఎన్‌సీఈఆర్‌టీ ఉర్దూ పాఠ్యపుస్తకాలు దాని వెబ్‌సైటులో ఉచితంగా ఉన్నాయి. అక్షరాలు మొదలుకొని నేర్చుకునేవారికి రేఖ్తా సంస్థ వారి ‘ఆమోజిష్’ ఉంది. ప్రథమ్ బుక్స్ 2015లో ప్రారంభించిన ‘స్టోరీవీవర్’లో తెలుగు కథలూ ఉర్దూ కథలూ పక్కపక్కనే దొరుకుతాయి. అమ్మ తెలుగులో చదివితే బిడ్డ అదే కథను ఉర్దూలో చదవవచ్చు. ఉర్దూ వెబ్‌సైటును ఎంచుకునేటప్పుడు లిపిని కూడా చూడండి. ఇంట్లోని పుస్తకాలు నస్తాలీక్‌లో ఉంటే తెర మీద నస్ఖ్ కనబడి చిన్నపిల్లలు తికమకపడతారు.

తెలుగులో మరో బెడద ఉంది. యంత్రం చేత అనువాదం చేయించి తెలుగు పాఠాలని పెట్టేస్తున్నారు. మేము చూసిన ఒక గణిత పాఠంలో ‘రెండు యొక్క మూడవ శక్తి’ అని ఉంది. ఘాతాన్ని శక్తి చేశారు. మరికొంత కిందికి వెళితే వర్గమూలం కాస్తా ‘చదరపు వేరు’ అయింది. ఇంట్లో పెద్దగా చదువుకోని తల్లికి ఇది తప్పని ఎలా తెలుస్తుంది? ఒక ఉపాయం ఉంది. 2020 తరువాత మన రాష్ట్రంలో ఇచ్చిన ద్విభాషా పాఠ్యపుస్తకాలలో ఒక పుట తెలుగు, ఎదుటి పుట ఆంగ్లం. వెబ్‌సైటులోని పారిభాషిక పదాన్ని ఆ పుస్తకంలోని పదంతో పోల్చి చూడండి. అయిదింటిలో మూడు కలవకపోతే ఆ వెబ్‌సైటును మూసివేయవచ్చు. బిడ్డకు తన భాషలోనే చెప్పాలని పట్టుబట్టిన గిడుగు రామమూర్తి 1863లో పుట్టింది ఈ జిల్లాలోని పర్వతాలపేటలోనే. సవర పిల్లల కోసం సవర భాష నేర్చుకుని, సొంత డబ్బుతో బడులు నడిపిన మనిషి ఆయన. ఆయన పుట్టినరోజుకు దండలు వేసే శాఖలు, ‘చదరపు వేరు’ వంటి తెలుగును ఎవరు పరిశీలించి అనుమతిస్తున్నారో కూడా చెప్పాలి.

ఉచితం అన్న మాట వినగానే మన ఇళ్లలో తలుపులు తెరుచుకుంటాయి. తప్పులేదు, కానీ ఏది ఎంతకాలం ఉచితమో అడగాలి. 2022 జూన్‌లో రాష్ట్ర ప్రభుత్వం బైజూస్ సంస్థతో ఒప్పందం చేసుకుంది. ఆ ఏడాది డిసెంబరు 21 నుంచి ఎనిమిదవ తరగతి విద్యార్థులకు, ఉపాధ్యాయులకు కలిపి 5 లక్షల 18 వేలకు పైగా ట్యాబ్‌లు పంచారు. 2024 జూలైలో ఆ సంస్థ మీద దివాలా ప్రక్రియ మొదలైంది. ఎవరినీ నిందించడానికి ఈ మాట రాయడం లేదు. ఒక వ్యాపార సంస్థ ఆయుష్షు బిడ్డ పదవ తరగతి దాకా ఉంటుందన్న హామీ ఎవరూ ఇవ్వలేరు. ఇటువంటి సంస్థల విషయంలో జాగ్రత్త వహించాలని కేంద్ర విద్యాశాఖ 2021 డిసెంబరులోనే సూచనలు విడుదల చేసింది. బ్యాంకు ఖాతా నుంచి దానంతట అదే డబ్బు కోసుకునే ఏర్పాటుకు ఒప్పుకోవద్దని అందులో ఉంది. మన ఆటో డ్రైవర్లు, దర్జీలు, పండ్ల వ్యాపారులు ఆ ఒక్క వాక్యాన్ని గుర్తుపెట్టుకుంటే చాలు.

అమెరికాలో సల్మాన్ ఖాన్ (సినిమా నటుడు కాదు) 2008లో స్థాపించిన ‘ఖాన్ అకాడమీ’ లాభాపేక్ష లేనిది, గణితం బాగా చెబుతుంది. అయితే ఆంగ్లం కొంత వచ్చిన పెద్ద తరగతుల పిల్లలకే అది నేరుగా ఉపయోగపడుతుంది. మన బడి పాఠాలకు దగ్గరగా ఉండేది ‘దీక్షా’. 2017 సెప్టెంబరు 5న అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు ప్రారంభించిన ప్రభుత్వ వేదిక ఇది. పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్‌ను ఫోనుతో చూస్తే ఆ పాఠానికి సంబంధించిన వీడియో తెరుచుకుంటుంది. ఒకసారి దించుకుంటే నెట్ లేకపోయినా చూడవచ్చు. ఈ ఒక్క సౌకర్యం విలువ ఎంతో చెప్పాలంటే ఒక ఇంటి సంగతి చెప్పాలి.

మాకు తెలిసిన ఒక కుటుంబంలో ముగ్గురు పిల్లలు, ఒకే ఫోను. తండ్రి ఆటో నడుపుతాడు, ఫోను ఆయనతోనే తిరుగుతుంది. రాత్రి తొమ్మిదికి ఇంటికి చేరుతుంది. ముందు కొడుకు తీసుకుంటాడు, తరువాత చిన్నవాడు ఆట కోసం ఏడుస్తాడు, వంటింటి పని ముగించుకున్న పెద్దమ్మాయి చేతికి వచ్చేసరికి పది దాటుతుంది. అప్పటికి ఆ రోజు డేటా అయిపోయి ఉంటుంది. ఆ అమ్మాయి పదవ తరగతి. వెబ్‌సైటును పరిశీలించేటప్పుడు ఆమెను మనసులో పెట్టుకోవాలని మా మనవి. తక్కువ ధర ఫోనులో తెరుచుకుంటుందా? దించుకోవచ్చా? చదవడానికి పాఠ్యం కూడా ఉందా, లేక డేటా తినే వీడియోలేనా? వీటికి జవాబు లేని వెబ్‌సైటు ఎంత గొప్పదైనా ఆమెకు లేనట్టే. పది నుంచి పదిన్నర వరకు ఆమెది కాదు, ఏడు నుంచి ఎనిమిది వరకు ఆమెది అని తండ్రి చేత ఒప్పించడానికి మాకు రెండు నెలలు పట్టింది.

ఫోను అమ్మాయి చేతిలో పెట్టడానికి మనవాళ్లు జంకడానికి ఉన్న కారణాలలో ఒకటి మాత్రం న్యాయమైనదే. పాఠం చదవడానికి పేరు, పుట్టిన తేదీ, ఫోను నంబరు, బడి పేరు, ఒక్కొక్కచోట ఫొటో కూడా అడుగుతున్నారు. 2022లో హ్యూమన్ రైట్స్ వాచ్ సంస్థ 49 దేశాలలో 160కి పైగా విద్యా యాప్‌లను, వెబ్‌సైట్లను పరిశీలించి, పదింటిలో దాదాపు తొమ్మిది పిల్లల సమాచార హక్కులకు ప్రమాదకరంగా ఉన్నాయని చెప్పింది. మన ‘దీక్షా’ మీద కూడా ఆ నివేదిక ప్రశ్నలు లేవనెత్తింది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్ల లోపు వారి సమాచారం తీసుకోవాలంటే తల్లిదండ్రుల ధ్రువీకరించదగిన అనుమతి కావాలి. విద్యాసంస్థలకు నియమాలలో కొన్ని మినహాయింపులు ఉన్నాయి. ఏది ఏమైనా, ఖాతా తెరవకుండానే పాఠం చూపించే వెబ్‌సైటు ఉన్నప్పుడు దానినే ఎంచుకోండి. తప్పనిసరి అయితే అమ్మాయి నంబరు కాక పెద్దవారి నంబరు ఇవ్వండి. ఫొటో ఎప్పుడూ ఇవ్వవద్దు.

ఈ భారమంతా తల్లిదండ్రులే మోయాలా? మోయనవసరం లేదు, మోయకూడదు కూడా. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ బడిలో యాజమాన్య కమిటీ ఉండాలి. అందులో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులు, మొత్తం మీద సగం మంది మహిళలు ఉండాలి. 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతటా జరిగిన తల్లిదండ్రుల ఉపాధ్యాయుల మహా సమావేశానికి మన ఇళ్ల నుంచి వెళ్లినవారు చాలామందే ఉన్నారు. వెళ్లి మార్కులు చూసి, భోజనం చేసి వచ్చాము. తదుపరి సమావేశంలో ఒక ప్రశ్న అడగాలి: మా పిల్లలకు మీరు సూచిస్తున్న వెబ్‌సైట్లు ఏవి, వాటిని ఎవరు పరిశీలించారు, ఆ జాబితా తెలుగులోనూ ఉర్దూలోనూ నోటీసు బోర్డు మీద ఎందుకు లేదు? జవాబు రాకపోతే తెల్ల కాగితం మీద రాసి ఇచ్చి, రెండవ ప్రతి మీద తేదీతో సంతకం తీసుకోండి. అప్పటికీ కదలకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. పది రూపాయలకు మించని రుసుము, ముప్పై రోజుల గడువు. దరఖాస్తు ఎలా రాయాలో తెలియనివారు మాకు రాస్తే నమూనా పంపుతాము. ఆ పనిలో మాత్రం మేము పండినవాళ్లం.

అరసవల్లి వరండాలో పిల్లలు ఇప్పుడు ఒక పొడవాటి రిజిస్టరు పెట్టారు. వెబ్‌సైటు పేరు, నడిపేది ఎవరు, చివరిగా సవరించిన తేదీ, భాష, ఖాతా అడిగిందా, దించుకోవచ్చా, మనకు తెలిసిన విషయాన్ని సరిగ్గా చెప్పిందా అనే గళ్లు గీశారు. చివరి గడి సంతకానిది. చూసిన పిల్లలే సంతకం చేయాలి. రెండు శ్రీకాకుళాలను కలిపేసిన బాలుడే దానికి గుమాస్తా. తన ప్రాజెక్టులోని మూడవ పుటను కొట్టివేసి, పక్కన కారణం రాసి, తేదీ వేసి ఉపాధ్యాయునికి తిరిగి ఇచ్చాడు. రిజిస్టరులో ఇంతవరకు పదిహేడు పేర్లు చేరాయి, వాటిలో ఆరింటికి ఎదురుగా ఎర్ర సిరా పడింది. మీ ఊరి పిల్లలు పరిశీలించిన వాటిని కూడా ఈ గళ్ల ప్రకారమే రాసి పంపండి. ఉర్దూ నేర్పే వెబ్‌సైట్ల వరుసలో ఇంకా నాలుగు పేర్లే ఉన్నాయి.